తుడిచే ముందు ఏం చూపిస్తుందో చూడండి

(డీటీపీ షాపులు, నెట్ సెంటర్లు, మీసేవ కేంద్రాలు నడిపేవాళ్ల కోసం ఒక గ్రంథాలయ హాలులో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? బాబూ, నా తల మీది ఫ్యాను ఒక్కటి ఆపు. మైకు కంటే అదే ఎక్కువ మాట్లాడుతోంది.

నన్ను పిలిచినవాళ్లు అడిగింది ఒక్కటే. "సార్, కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్ పూర్తిగా తీసేయడానికి మంచి ఫ్రీ టూల్ ఏదో చెప్పండి, మావాళ్లంతా అదే అడుగుతున్నారు" అన్నారు. పేర్లు చెప్పేసి కూర్చోవచ్చు, రెండు నిమిషాల పని. కానీ ఆ "పూర్తిగా" అనే మాట దగ్గరే నాకు పేచీ. ఆ మాట నమ్మి ఒకసారి ఒక కుటుంబాన్ని నానా అవస్థ పెట్టాను. ముందు అది చెప్పాలి.

చాలా ఏళ్ల కిందటి మాట. నాకు బాగా తెలిసిన డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేస్తారు. ఆయన "అన్నా, సిస్టం నడవట్లేదు, కాస్త చూడు" అన్నాడు. చూస్తే వాడకం మానేసిన పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. కొత్తది కొన్నాక దాన్ని ముట్టుకోలేదు. అప్పట్లో నా పెన్‌డ్రైవ్‌లో ఒక అన్‌ఇన్‌స్టాలర్, అంటే సాఫ్ట్‌వేర్లు తీసేసే టూల్, ఉండేది. గట్టిగా వెతికే మోడ్ పెట్టాను. అది నాలుగు వందల పైచిలుకు వస్తువులు పట్టుకొచ్చింది. నాకు భలే ముచ్చటేసింది. 'చూశావా, ఎంత చెత్త పట్టిందో' అని ఆయనకి చూపించాను కూడా. సెలెక్ట్ ఆల్ నొక్కాను, డిలీట్ నొక్కాను, టీ తాగి వచ్చేశాను.

మార్చి నెల వచ్చింది. ఆడిటర్ గారు పోయినేడాది బిల్లులు అడిగారు. ఆ బిల్లులన్నీ పాత సాఫ్ట్‌వేర్ పక్కనే ఒక డేటా ఫోల్డర్లో ఉండేవి. నేను ముచ్చటపడి తుడిచిన నాలుగు వందల్లో అదీ ఒకటి. ఆయన దగ్గర సగం ఏడాది వరకే పాత కాపీ దొరికింది. మిగతాది కార్బన్ కాపీ బిల్లు పుస్తకాలు ముందేసుకుని, వాళ్లావిడ చదువుతుంటే నేను ఎక్కించాను. పదకొండు రాత్రులు. నన్ను ఆవిడ ఒక్క మాట అనలేదు. రోజూ తొమ్మిదింటికి భోజనం పెట్టేవారు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఇందులో టూల్ తప్పు లేదండి. అది ఆ ఫోల్డర్ పేరు జాబితాలో స్పష్టంగా చూపించింది. నేను చదవలేదు, అంతే. ఆ రోజు నుంచి ఏ అన్‌ఇన్‌స్టాలర్ చూసినా అది ఎంత తుడుస్తుందని అడగడం మానేశాను. తుడిచే ముందు ఎంత వివరంగా చూపిస్తుంది, తప్పు జరిగితే వెనక్కి తెచ్చుకునే దారి ఉంచుతుందా, ఈ రెండే చూస్తాను. ఇవాళ మీకు చెప్పబోయేదంతా ఈ రెండింటి చుట్టూనే.

సరే. అసలు అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది? చాలామంది విండోస్ వెళ్లి ఆ సాఫ్ట్‌వేర్ ఫైళ్లన్నీ ఏరి తీసేస్తుందనుకుంటారు. మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాం విషయంలో విండోస్‌కి ఆ ఫైళ్ల లెక్కే తెలియదు. విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే పెద్ద చిట్టాని రిజిస్ట్రీ అంటారు. ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కేటప్పుడు అందులో అన్‌ఇన్‌స్టాల్ అనే చోట తన పేరు రాసుకుంటుంది. దాని పక్కనే "నన్ను తీసేయాలంటే ఈ ప్రోగ్రాంని నడపండి" అని ఒక కమాండ్ రాసి పెడుతుంది. మీరు సెట్టింగ్స్‌లోనో కంట్రోల్ ప్యానెల్‌లోనో చూసే జాబితా చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. మీరు నొక్కగానే విండోస్ ఆ కమాండ్‌ని నడుపుతుంది. అక్కడితో దాని బాధ్యత అయిపోయింది. విండోస్ 95లో యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్ వచ్చినప్పటి నుంచీ ఇదే ఏర్పాటు.

అంటే ఇల్లు ఖాళీ చేసే పని అద్దెకున్నవాడి చేతిలోనే పెట్టాం. మంచివాడైతే మేకులు కూడా పీకి, గోడకి సున్నం రాసి పోతాడు. ఇంకొకడు పరుపు, బీరువా పట్టుకుపోయి అటక మీద సామాను వదిలేస్తాడు. గ్యాస్ కనెక్షన్ చిరునామా మన ఇంటిదే ఉంటుంది, ఆరు నెలల తరవాత కూడా వాడి పేరు మీద ఉత్తరాలు వస్తుంటాయి.

వాడు మంచివాడా కాదా అనేది కొంత ఇన్‌స్టాలర్ రకాన్ని బట్టి ఉంటుంది. ఇన్నో సెటప్ అని ఒక ఉచిత సాధనం 1997 నుంచి ఉంది. చాలా చిన్న సాఫ్ట్‌వేర్లు దాంతోనే ప్యాక్ చేస్తారు. అది తాను పెట్టిన ప్రతి ఫైలూ ఒక చిట్టాలో రాసుకుంటుంది, పోయేటప్పుడు ఆ చిట్టా చూసి తీసేస్తుంది. వినాంప్ అనే పాటల ప్లేయర్ చేసిన నల్‌సాఫ్ట్ వాళ్ల దగ్గర పుట్టిన ఎన్‌ఎస్‌ఐఎస్ ఇంకొకటి. అందులో ఏమేం తీసేయాలో సాఫ్ట్‌వేర్ రాసినవాడే చేత్తో రాయాలి. ఎక్కించే భాగం శ్రద్ధగా రాసినవాడు దించే భాగం కూడా అంతే శ్రద్ధగా రాస్తాడని నమ్మకమేముంది?

మూడోది మైక్రోసాఫ్ట్ సొంత విండోస్ ఇన్‌స్టాలర్. ఎంఎస్ఐ ఫైళ్లు. దీని గురించి ఒక హెచ్చరిక, దయచేసి రాసుకోండి. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఇన్‌స్టాలర్ అని దాచిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది. ఒక్కోసారి పది, ఇరవై జీబీ దాకా పెరుగుతుంది. డిస్క్ నిండిపోయిందని వెతికేవాళ్ల కళ్లు ముందు దాని మీదే పడతాయి. దాన్ని తుడవకండి. ఎంఎస్ఐతో ఎక్కిన సాఫ్ట్‌వేర్ రిపేర్ కావాలన్నా, అప్‌డేట్ కావాలన్నా, అన్‌ఇన్‌స్టాల్ కావాలన్నా ఆ ఫోల్డర్లో దాచిన ఫైలే కావాలి. దాన్ని తుడిచాక అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే ఆ ఎంఎస్ఐ ఫైలు ఎక్కడుందో చూపించమని అడుగుతూ కూర్చుంటుంది. ఇక ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కదు, దిగదు.

అన్‌ఇన్‌స్టాలర్ మరీ ఎక్కువ తుడిచేసిన సందర్భాలూ ఉన్నాయి. 1998 చివర్లో బంగీ అనే గేమ్ కంపెనీ మిత్ టూ అనే ఆట విడుదల చేయబోతోంది. సీడీలు తయారైపోయాయి. అప్పుడు బయటపడింది, ఆట అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అది ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని తుడిచేస్తోందని. ఎవరైనా నేరుగా సీ డ్రైవ్ మొదట్లోనే ఎక్కించి ఉంటే? ఇంకేముంది. కంపెనీ ఆ సీడీలు వెనక్కి తెప్పించుకుని మళ్లీ వేయించింది. అందుకే డ్రైవ్ మొదట్లోనో, డాక్యుమెంట్స్‌లోనో, సొంత ఫైళ్లున్న చోటో దేన్నీ ఇన్‌స్టాల్ చేయకండి. దానికి దాని ఫోల్డర్ దానికుండాలి.

ఇప్పుడు మిగిలిపోయే వస్తువుల సంగతి. ఇక్కడే అందరూ అనవసరంగా టెన్షన్ పడతారు. రిజిస్ట్రీలో వెయ్యి ఎంట్రీలు మిగిలిపోయాయి, అందుకే సిస్టం స్లో అయింది అని చెప్పేవాళ్లని నమ్మకండి. రిజిస్ట్రీలో లక్షల ఎంట్రీలు ఉంటాయి. అందులో వెయ్యి అదనంగా ఉంటే మీ కంప్యూటర్‌కి ఆ తేడా తెలియను కూడా తెలియదు. రిజిస్ట్రీ క్లీనర్లను తాము సమర్థించమని మైక్రోసాఫ్టే తన సపోర్ట్ పేజీలో రాసింది. ఆ క్లీనర్ ఏదైనా పాడుచేస్తే విండోస్ మళ్లీ వేసుకోవాల్సి రావచ్చని కూడా చెప్పింది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?

మరి దేనికి భయపడాలి? ఊరికే పడి ఉన్నదానికి భయం లేదు. ఇంకా నడుస్తున్నదానికి భయపడండి. సాఫ్ట్‌వేర్ పోయింది గానీ దాని సర్వీస్ వెనకాల నడుస్తోంది, షెడ్యూల్ పెట్టుకున్న పని రోజూ లేస్తోంది, డ్రైవర్ కూర్చునే ఉంది, రైట్ క్లిక్ మెనూలో దాని పేరు వేలాడుతోంది. ఇవి అసలు మిగుళ్లు. వీటి తరవాత, డిస్క్‌లో చోటు తినే పెద్ద ఫోల్డర్లు. యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా అని రెండు దాచిన ఫోల్డర్లు ఉంటాయి, వీడియో ఎడిటర్లు, గేములు, బ్రౌజర్లు గిగాబైట్ల కొద్దీ అక్కడ వదిలేసి పోతాయి.

మీ మీసేవ, బ్యాంకింగ్ పాయింట్ల వాళ్లకి దీని రుచి తెలిసే ఉంటుంది. వేలిముద్రల పరికరం పాడైంది, వేరే కంపెనీది కొన్నారు. కొత్తదాని ఆర్‌డీ సర్వీస్, అంటే ఆ పరికరానికీ బ్యాంకు అప్లికేషన్‌కీ మధ్య నడిచే సాఫ్ట్‌వేర్, ఎక్కించారు. వేలు పెడితే పరికరం సిద్ధంగా లేదంటుంది. పరికరం మార్చి చూస్తారు, కేబుల్ మార్చి చూస్తారు, క్యూలో ముసలాయన పింఛను కోసం నిలబడే ఉంటాడు. ఆర్‌డీ సర్వీస్ మీ కంప్యూటర్లోనే ఒక పోర్టు దగ్గర కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటుంది. ఆ పోర్టులు 11100 నుంచి 11120 దాకా. బ్యాంకు అప్లికేషన్ ఆ వరసలో ఒక్కొక్క తలుపూ కొట్టుకుంటూ వెళ్తుంది. పాత పరికరం తాలూకు సర్వీస్ ఇంకా మొదటి గదిలోనే ఉంటే అదే "ఎవరూ?" అని ముందు పలుకుతుంది. దానికి పరికరమా లేదు. ఇలాంటి చోట సర్వీసెస్ తెరిచి పాత పేరు ఉందేమో చూసి, ముందు దాన్ని ఆపి, డిసేబుల్ చేయండి. కొత్తది పలికిందంటే అప్పుడు పాతదాన్ని తాపీగా అన్‌ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. నేను అరడజను చోట్ల ఇదే చేశాను. ఏ క్లీనరూ వాడలేదు.

ఇక టూల్స్. అన్నీ వాడి చూశాను గనక నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను.

గీక్ అన్‌ఇన్‌స్టాలర్. ఒక్కటే ఫైలు, కొద్ది ఎంబీలు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఏ సిస్టంలోనైనా తెరవచ్చు. సాఫ్ట్‌వేర్లు తీసేయడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవడం నాకెప్పుడూ నవ్వొచ్చే విషయం, ఆ బాధ దీంతో లేదు. ముందు ఆ సాఫ్ట్‌వేర్ సొంత అన్‌ఇన్‌స్టాలర్‌ని నడుపుతుంది, తరవాత మిగిలినవి వెతికి జాబితా చూపిస్తుంది. సొంత అన్‌ఇన్‌స్టాలర్ చెడిపోయి ఉంటే ఫోర్స్ రిమూవల్ కూడా ఉచితంలోనే ఉంది. ఒక మాట, ఉచిత ప్రతి వ్యక్తిగత వాడకానికి. షాపుకి, ఆఫీసుకి అయితే డబ్బులు కట్టే ప్రతి వేరే ఉంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది షాపులవాళ్లే గనక చెబుతున్నాను.

రేవో అన్‌ఇన్‌స్టాలర్ అందరికీ తెలిసిందే. బల్గేరియా వాళ్లది. సేఫ్, మోడరేట్, అడ్వాన్స్‌డ్ అని మూడు మెట్లుగా వెతుకుతుంది. పని మొదలుపెట్టే ముందు రిస్టోర్ పాయింట్, అంటే తేడా వస్తే విండోస్‌ని వెనకటి స్థితికి తెచ్చుకునే గుర్తు, పెడుతుంది, ఇది నాకు నచ్చిన సంగతి. రిజిస్ట్రీ జాబితాలో లావు అక్షరాల్లో ఉన్నవే తుడుస్తుంది, మామూలు అక్షరాల్లోవి దారి చూపించడానికి ఉన్నవి మాత్రమే. ఇది తెలియక చాలామంది, అమ్మో విండోస్ మొత్తం తుడిచేస్తుందేమో అని కంగారుపడతారు. మొండి సాఫ్ట్‌వేర్‌ని బలవంతంగా తీసే సౌకర్యం, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే ప్రతి అడుగూ రాసుకునే సౌకర్యం ప్రో ప్రతిలోనే ఉన్నాయి. ఉచితంలో మీకు మోడరేట్ చాలు. అడ్వాన్స్‌డ్ జోలికి పోకండి. నా పదకొండు రాత్రులు గుర్తుపెట్టుకోండి.

నేను ఇప్పుడు ఎక్కువగా వాడేది బల్క్ క్రాప్ అన్‌ఇన్‌స్టాలర్. పేరు కాస్త మొరటుగా ఉంటుంది, పిల్లల ముందు అర్థం చెప్పకండి. ఓపెన్ సోర్స్, అపాచీ లైసెన్స్, షాపులో వాడుకున్నా ఎవరూ అడ్డు చెప్పరు. కొత్త లాప్‌టాప్‌తో పాటు వచ్చే పది, పన్నెండు అక్కర్లేని సాఫ్ట్‌వేర్లని ఒకేసారి టిక్ పెట్టి దించేయొచ్చు. స్టీమ్ గేములు, స్టోర్ యాప్‌లు, జాబితాలో పేరు లేని పోర్టబుల్ ప్రోగ్రాములు కూడా చూపిస్తుంది. కానీ నేను దానికి కట్టుబడింది వేరే కారణానికి. మిగుళ్లు చూపించేటప్పుడు ప్రతిదాని పక్కనా, ఇది నిజంగా ఆ సాఫ్ట్‌వేర్‌దేనని తనకెంత నమ్మకముందో రాస్తుంది. బాగా నమ్మకం ఉన్నవాటికే టిక్ పెట్టి, అనుమానం ఉన్నవి మీకే వదిలేస్తుంది. తుడిచే ముందు రిజిస్ట్రీ బ్యాకప్ తీయమంటావా అని అడుగుతుంది. నాకు తెలియదు అని ఒప్పుకునే టూల్ అండి అది! మనుషుల్లోనే అరుదు.

మరి లోపం లేదా అంటే ఉంది. దాని తెర చూడగానే తల తిరుగుతుంది. అన్ని గడులు, అన్ని రంగులు. మొదటిసారి వాడేవాళ్లకి గీక్ ఇవ్వండి, రోజూ పదిమంది సిస్టంలు చూసేవాళ్లు ఇది నేర్చుకోండి.

ఇంకా ఉన్నాయి. ఐఓబిట్, వైజ్, హైబిట్. పనిచేస్తాయి. వీటిలో కొన్ని తమ ఇంటి ఇతర సాఫ్ట్‌వేర్లని కూడా వెంటేసుకొస్తాయి, లేదా మాటిమాటికీ ప్రో కొనమంటాయి. సామాను దించడానికి పిలిచిన కూలీ తన సామాను మన వరండాలో పెడితే ఎలా ఉంటుంది? అందుకే నేను వాటిని పక్కన పెట్టాను. మీకు నచ్చితే వాడుకోండి, ఎక్కించేటప్పుడు ప్రతి టిక్కూ చదవండి.

విండోస్‌లోనే ఉన్నదొకటి ఎవరూ పట్టించుకోరు. విన్‌గెట్. టెర్మినల్ తెరిచి విన్‌గెట్ లిస్ట్ అని కొడితే మీ సిస్టంలో ఉన్నవన్నీ చూపిస్తుంది, విన్‌గెట్ అన్‌ఇన్‌స్టాల్ అని పేరు కొడితే దించుతుంది. మిగుళ్లు వెతకదు. కానీ పది సిస్టంల ల్యాబ్ నడిపేవాళ్లకి ఒకే కమాండ్ పది చోట్ల కొట్టుకునే వీలు.

మైక్రోసాఫ్ట్ సైట్లో ప్రోగ్రాం ఇన్‌స్టాల్ అండ్ అన్‌ఇన్‌స్టాల్ ట్రబుల్‌షూటర్ అని కూడా ఒకటి ఉంది. జాబితాలో పేరు కనిపిస్తూ ఎంతకీ దిగని వాటికి, ముఖ్యంగా రిజిస్ట్రీ ఎంట్రీ చెడిపోయిన వాటికి, ముందు దాన్ని ప్రయత్నించండి. ఇంతకుముందు ఇదే పనికి మైక్రోసాఫ్ట్ విండోస్ ఇన్‌స్టాలర్ క్లీనప్ అనే చిన్న సాధనం ఇచ్చేది. అది వేరే సాఫ్ట్‌వేర్లని కూడా పాడుచేస్తోందని 2010లో తానే తీసేసింది. చేసినవాడికే భయమేసిన పని ఇది. గుర్తుంచుకోండి.

అసలు ఏ జనరల్ టూల్ వాడకూడని చోట్లు మూడు.

మొదటిది యాంటీవైరస్. దాని డ్రైవర్లు లోతుగా పాతుకుని ఉంటాయి. తనని ఎవరూ తీసేయకుండా కాపలా కాసుకోవడమే దాని ఉద్యోగం. ప్రతి పెద్ద కంపెనీ తన సాఫ్ట్‌వేర్ తీసేయడానికి తనే ఒక ఉచిత సాధనం ఇస్తుంది. అవాస్ట్‌కి అవాస్ట్ క్లియర్, మెకాఫీకి ఎంసీపీఆర్, ఈసెట్‌కి, కాస్పర్‌స్కీకి వాటి రిమూవర్లు. కొన్ని సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి మాత్రమే లేచేలా విండోస్‌ని తెరిచి, నడపాలి. వాటినే వాడండి, ఆ కంపెనీ సైటు నుంచే డౌన్‌లోడ్ చేసుకోండి. సగం మిగిలిన యాంటీవైరస్ ఏం చేస్తుందంటే, విండోస్‌కి 'నేనున్నాను' అని చెబుతూనే ఉంటుంది. అది విని విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ లేవకుండా పడుకుంటుంది. కాపలావాడు ఉద్యోగం మానేశాడు, హాజరు పట్టీలో సంతకం మాత్రం రోజూ పడుతోంది.

రెండోది గ్రాఫిక్స్ డ్రైవర్. దానికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్, డీడీయూ అంటారు, ఉంది. సేఫ్ మోడ్‌లో నడపమని వాళ్లే చెబుతారు. ప్రింటర్ కూడా ఇంచుమించు ఇంతే. ప్రింటర్‌ని డిలీట్ చేసినా డ్రైవర్ ప్యాకేజీ ఉండిపోతుంది, మళ్లీ తగిలిస్తే అదే చెడ్డ డ్రైవర్ వచ్చి కూర్చుంటుంది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ అనే చోటికి వెళ్లి, డ్రైవర్ అండ్ డ్రైవర్ ప్యాకేజ్ అని ఉన్నదాన్ని ఎంచుకుని తీసేయాలి.

మూడోది మన తెలుగువాళ్ల సొంత సమస్య, ఫాంట్లు. డీటీపీ వాళ్లు బాగా వినండి. మీ దగ్గర పదిహేనేళ్ల కిందటి పేజ్‌మేకర్ ఫైళ్లు ఉంటాయి. అవి యూనికోడ్, అంటే ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో తెలుగు రాసే పద్ధతి, కాదు. అనూ ఫాంట్లలోనో మరో పాత ఫాంట్లలోనో కొట్టినవి. ఫైలు లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూనే, ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు పోతే శుభలేఖ కాస్తా పిచ్చి గీతలవుతుంది. పాత తెలుగు సాఫ్ట్‌వేర్ తీసేద్దామనుకుంటే ముందు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్లోంచి దాని ఫాంట్లన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి. జాబితాలో ఫాంట్ ఫైలు కనిపిస్తే టిక్ తీసేయండి.

ఇంకొక సంగతి చెప్పకుండా దిగితే నాకు తృప్తి ఉండదు. 2005లో సోనీ బీఎంజీ కొన్ని పాటల సీడీలతో కాపీ చేయకుండా అడ్డుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టింది. సీడీ కంప్యూటర్లో పెట్టి ఒప్పుకుంటున్నానని నొక్కితే అది ఎక్కి, ఎవరికీ కనపడకుండా దాక్కునేది. ఆ ఏడాది అక్టోబర్ 31న మార్క్ రసినోవిచ్ అనే విండోస్ నిపుణుడు దాన్ని బయటపెట్టారు. అన్‌ఇన్‌స్టాల్ చేద్దామంటే జాబితాలో పేరే లేదు. ఆయన చేత్తో దాని డ్రైవర్ తీసేశారు. ఏమైంది? సీడీ డ్రైవే కనిపించకుండా పోయింది. ఆ డ్రైవర్ విండోస్‌కీ సీడీ డ్రైవ్‌కీ మధ్య గొలుసులో కడియంలా కూర్చుంది. కడియం పీకితే గొలుసు తెగింది. తరవాత గొడవ పెద్దదై, తీసేయడానికి కంపెనీ ఇచ్చిన వెబ్ అన్‌ఇన్‌స్టాలర్ కూడా కంప్యూటర్లో కొత్త కన్నం పెడుతోందని ప్రిన్స్‌టన్ పరిశోధకులు తేల్చారు. గోడకి మేకు పీకమంటే గోడ పీకినట్టు.

ఆ రసినోవిచ్ గారి సిస్‌ఇంటర్నల్స్ అనే టూల్స్ సంచిని మైక్రోసాఫ్ట్ 2006లో తీసుకుంది. అందులో ఆటోరన్స్ అని ఉచిత సాధనం ఉంది. సిస్టం లేచినప్పుడు తానంతట తాను మొదలయ్యేవన్నీ చూపిస్తుంది. సర్వీసులు, డ్రైవర్లు, షెడ్యూల్ పనులు అన్నీ. ఫైలు లేకుండా పేరు మాత్రం మిగిలినవి పసుపు రంగులో కనిపిస్తాయి. అక్కడ డిలీట్ చేయక్కర్లేదు. టిక్ తీసేస్తే అది ఆగిపోతుంది, కావాలంటే మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు. వారం రోజులు అలా ఉంచి చూడండి. ఏ గొడవా రాకపోతే అప్పుడు తీసేయండి. నన్నడిగితే మిగుళ్ల పనిలో ముప్పాతిక వంతు ఇక్కడే అయిపోతుంది.

టూల్స్ ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసుకుంటారన్నది కూడా చూసుకోండి. సెర్చ్‌లో పైన వచ్చేది ప్రకటన కావచ్చు, పచ్చటి పెద్ద డౌన్‌లోడ్ బొమ్మ ఇంకొకరిది కావచ్చు. తయారీదారు సైటు నుంచే తీసుకోవాలి. అదైనా నూటికి నూరుపాళ్లు భరోసా కాదు. సీక్లీనర్ అని కంప్యూటర్ శుభ్రం చేసే టూల్ ఉంది. 2017 ఆగస్టులో దాని 5.33 ప్రతి వచ్చింది. అసలు సైట్లోనే, అసలు సంతకంతోనే. లోపల దొంగ కోడ్ ఉంది. సర్వర్లలోకి ఎవరో దూరి కలిపేశారు. సెప్టెంబర్లో బయటపడేసరికి సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలో అది ఉంది. శుభ్రం చేసే టూల్‌కి మనం అడ్మినిస్ట్రేటర్ తాళాలు ఇస్తాం గనక, దొంగకి అంతకంటే మంచి గుమ్మం ఉండదు. అందుకని ఇలాంటివి ఒకటే ఉంచుకోండి, నాలుగు వద్దు. పనయ్యాక మూసేయండి, వెనకాల నడవనివ్వకండి.

ప్రశ్నలు అడుగుతారా? చెప్పండమ్మా.

"సార్, రిస్టోర్ పాయింట్ పెడితే ఇంక భయం లేదు కదా?" అంటున్నారు. ఉందమ్మా. రిస్టోర్ పాయింట్ రిజిస్ట్రీని, డ్రైవర్లని, ప్రోగ్రాం ఫైళ్లని వెనక్కి తెస్తుంది. మీ డాక్యుమెంట్లు, ఫొటోలు తేదు. నా బిల్లుల కథలో రిస్టోర్ పాయింట్ ఉంది, పనికి రాలేదు. పైగా చాలా సిస్టంలలో ఆ సౌకర్యం ఆఫ్‌లోనే ఉంటుంది, ఇంటికెళ్లి చూసుకోండి. డేటా ఫోల్డర్ ఎక్కడుందో ముందు కనుక్కుని దాన్ని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవడమే మార్గం.

ఆ తమ్ముడు ఏదో అంటున్నాడు. "ఏదైనా చిన్న సాఫ్ట్‌వేర్ ట్రై చేద్దామంటేనే భయంగా ఉంది" అంటావా? విండోస్ ప్రో ఉందా నీ దగ్గర? ఉంటే విండోస్ శాండ్‌బాక్స్ ఆన్ చేసుకో. 2019 నుంచి ఉంది. హోమ్ ఎడిషన్‌లో లేదు. తెరిస్తే లోపల ఇంకో శుభ్రమైన విండోస్ వస్తుంది, అందులో ఎక్కించి చూసుకో, కిటికీ మూసేస్తే అన్నీ మాయం. దించాల్సిన పనే ఉండదు.

"దించాక వెంటనే మిగుళ్లు వెతకాలా, రీస్టార్ట్ చేశాకా?" మంచి ప్రశ్న అన్నా. నేనైతే రీస్టార్ట్ చేశాకే. వాడుకలో ఉన్న ఫైళ్లని చాలా అన్‌ఇన్‌స్టాలర్లు రీస్టార్ట్‌లో తీసేస్తామని చీటీ రాసి పెడతాయి. ఆ చీటీ పని జరగక ముందే వెతికితే, ఎలాగూ పోయేవి కూడా జాబితాలో కనపడి మిమ్మల్ని గాభరా పెడతాయి. గీక్, రేవో దించిన వెంటనే వెతుకుతాయి. అప్పుడు ఒక ఫైలు మొండికేస్తే దాంతో కుస్తీ పట్టకండి, రీస్టార్ట్ చేసి చూడండి. సగం సార్లు అది అక్కడ ఉండదు.

ఇంకా? అమ్మాయీ, నువ్వు ఇందాకటి నుంచి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు. రెండు యాంటీవైరస్‌లా? ఒకటి నిరుడే గడువు అయిపోయిందా? ఇటు తీసుకురా. ఎవరైనా ఆ ప్రొజెక్టర్ కేబుల్ ఇటివ్వండి. అందరూ చూస్తుండగానే తీద్దాం. ముందు, నీ ఫైళ్లు ఎక్కడ దాచుకుంటావో అది చెప్పు.